గూడు ముందు, కోడి తరువాత

పెరట్లో నాలుగు కోళ్ళు తిరుగాడే ఇల్లు ఒకప్పుడు మన ఊళ్ళలో సర్వసాధారణమైన దృశ్యం. సాయంత్రానికి నాలుగు మెతుకులు విదిల్చి, చీకటి పడగానే గంప కింద మూసివేస్తే సరిపోయేది. నడుమ కొంతకాలం ఆ అలవాటు తగ్గింది. పిల్లలకు ఇంటి గుడ్డు పెట్టాలన్న కోరికతోనో, వంటింటి ఖర్చుకు కొంత ఆసరా అవుతుందన్న ఆలోచనతోనో ఇప్పుడు అనేక కుటుంబాలు మళ్ళీ పెరటి కోళ్ళవైపు చూస్తున్నాయి. ఇది సంతోషించదగిన విషయమే. అయితే కొత్తగా మొదలుపెట్టేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండే: కోళ్ళు ఎక్కడ దొరుకుతాయి? ఏ జాతి మంచిది? గూడు ఎలా కట్టాలని అడిగేవారు అరుదు. ఆ అడగని ప్రశ్నకే ఈ నెల ఈ శీర్షికను కేటాయిస్తున్నాము.

ఇందుకు మా ఇంటి అనుభవమే కారణం. కొన్నేళ్ళ క్రితం మేము సంతలో ఏడు పెట్టలను చూసి ముచ్చటపడి తెచ్చుకున్నాము. గూడు సంగతి ఇంటికి వచ్చాకే గుర్తుకు వచ్చింది. పాత పళ్ళ పెట్టెలు రెండు జోడించి, ముందువైపు పల్చని షట్కోణపు జాలీ బిగించి, తలుపుకు ఒక తాడు ముడి వేసి, పని అయిందనుకున్నాము. పది రోజులు ఏ ఇబ్బందీ లేదు. పదకొండవ రోజు ఫజ్ర్ నమాజు తరువాత గుడ్ల కోసం వెళ్ళిన మా చిన్నమ్మాయి ఏడుస్తూ తిరిగి వచ్చింది. జాలీ కింది అంచు చీలి ఉంది. ఏడింటిలో నాలుగు చనిపోయి ఉన్నాయి. మిగిలిన మూడు ఒక మూల ఒకదానిపై ఒకటి ఒదిగి ఉన్నాయి. రాత్రి అడవిపిల్లి వచ్చి ఉంటుందని పొరుగింటి పెద్దాయన అడుగుల జాడ చూసి చెప్పారు.

ఆనాడు మా అమ్మాయి అడిగిన మాట మేము నేటికీ మరువలేదు. "మనం లోపల పెట్టకపోతే అవి చెట్టెక్కి బతికేవి కదా, అబ్బాజాన్?"

మా వద్ద జవాబు లేదు. ఆ పాప చెప్పింది నిజం. బయట తిరిగే నాటుకోడి చీకటి పడేసరికి చెట్టుకొమ్మనో, ఇంటి చూరునో ఆశ్రయిస్తుంది. ఎండ ఎక్కువైతే నీడకు వెళుతుంది, దాహమైతే నీటిని వెతుక్కుంటుంది. మనం దానిని తెచ్చి తలుపు మూసిన క్షణం నుండి ఈ స్వేచ్ఛ అంతా పోతుంది. చీకట్లో దానికి చూపు సరిగా ఆనదు. లోపలికి శత్రువు వస్తే పారిపోయే దారి కూడా ఉండదు. పిల్లిని నిర్బంధించి, దానికి తిండి పెట్టక, నేలపై దొరికేది తిననివ్వక చంపిన స్త్రీ శిక్షకు గురైన ఉదంతాన్ని దైవప్రవక్త (సల్లం) తెలియజేసిన హదీసు మనందరికీ తెలిసినదే. ఆ హదీసును ఆకలి గురించిన హెచ్చరికగా మాత్రమే వింటూ వచ్చాము. ఆ ఉదయం అందులోని నిర్బంధం అనే విషయం మా మనసుకు తాకింది. ఒక ప్రాణిని కట్టడి చేసినవారిపైనే దాని గాలి, నీరు, నీడ, రక్షణల బాధ్యత ఉంటుంది. గూడు ఒక అమానతు. దానిని ఆ దృష్టితో కట్టాలి.

ముందుగా ఆలోచించవలసినవి

మొదట ఎన్ని కోళ్ళు కావాలో నిర్ణయించుకోవాలి. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి మొదటి సంవత్సరం ఆరు పెట్టలు చాలు. గుడ్లకోసమే అయితే పుంజు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. పిల్లలను పొదిగించదలచినప్పుడు మాత్రమే పుంజు కావాలి. ఇళ్ళు ఆనుకొని ఉండే వీధుల్లో తెల్లవారకముందే వినిపించే పుంజు కూత పొరుగువారికి ఇబ్బంది కలిగించవచ్చు. పట్టణాల్లో ఉండేవారు మున్సిపల్ కార్యాలయంలో నిబంధనలు కనుక్కోవడం, అంతకంటే ముందు పక్కింటివారితో ఒక మాట చెప్పడం మంచిది. పొరుగువారి హక్కు గురించి మన ధర్మం ఎంతగా నొక్కి చెప్పిందో వేరుగా గుర్తుచేయనవసరం లేదు. వారి గోడకు ఆనించి గూడు కట్టరాదు. గాలి వాలు వారి కిటికీలవైపు ఉండే చోటును ఎంచుకోరాదు.

గూటికి ఎత్తైన, నీరు నిలవని చోటు కావాలి. వంటింటికి, బావికి, బోరుకు కొంత ఎడంగా ఉండాలి. వుజూ చేసే చోటు గూటికి పల్లంలో ఉండకూడదు. హనఫీ న్యాయశాస్త్రం ప్రకారం కోడి రెట్ట అపరిశుద్ధమైనది కనుక వాన నీటితో అది ఇంటివైపు పారకుండా జాగ్రత్త పడాలి. గూటి పనికి వేరుగా ఒక జత చెప్పులు, ఒక పాత వస్త్రం పెట్టుకుంటే నమాజు దుస్తుల శుభ్రత గురించి దిగులు ఉండదు.

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండ పొట్టి గోడలకే తగులుతుంది. గాలి కోసం తెరిచి ఉంచే పొడవాటి పక్కలు ఉత్తర దక్షిణాలకు వస్తాయి. మన ప్రాంతపు వేసవిని తట్టుకోవడానికి ఇది తొలి మెట్టు.

కొలతలు

కోళ్ళ నివాసానికి రెండు భాగాలు ఉంటాయి. రాత్రి పడుకొనే గూడు ఒకటి, పగలు తిరగడానికి జాలీతో చుట్టిన ఆవరణ మరొకటి. గూటిలో ఒక్కో కోడికి రెండు నుండి మూడు చదరపు అడుగులు, ఆవరణలో ఎనిమిది నుండి పది చదరపు అడుగులు ఉండాలి. ఇంతకంటే ఇరుకైతే కోళ్ళు ఒకదానినొకటి పొడుచుకుంటాయి, ఈకలు పీక్కుంటాయి, జబ్బులు త్వరగా పాకుతాయి.

ఆరు కోళ్ళకు సరిపోయే కొలతలు ఇవి. ఆవరణ పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు, ఎత్తు 6 అడుగులు. మనిషి నిలబడి ఊడ్చగలిగే ఎత్తు లేకపోతే శుభ్రం చేసే పని క్రమంగా వాయిదా పడుతుంది. ఈ ఆవరణలోనే పడమర చివర నాలుగు కాళ్ళపై గూడు నిలబెట్టాలి. గూటి పొడవు 4½ అడుగులు, వెడల్పు 3½ అడుగులు. గూటి నేల భూమికి 2 అడుగుల ఎత్తున ఉండాలి. అలా ఎత్తితే తేమ, పందికొక్కుల బెడద తగ్గుతాయి; మధ్యాహ్నం వేళ కోళ్ళకు గూటి కిందనే చల్లని నీడ కూడా దొరుకుతుంది. గూటి గోడలు ఒకవైపు 3½ అడుగులు, మరొకవైపు 3 అడుగులు ఉంటే పైకప్పుకు వాలు దానంతట అదే వస్తుంది.

కోస్తా ప్రాంతంలో సరుగుడు కర్రలు, ఇతర చోట్ల జామాయిల్ కర్రలు లేదా గట్టి వెదురు సులభంగా లభిస్తాయి. మూల స్తంభాలకు గుంట అడుగున్నర లోతు తీయాలి. భూమిలో ఉండే భాగానికి వాడిన ఇంజన్ ఆయిల్ పూసి ఆరబెడితే చెదలు అంత త్వరగా పట్టదు. గూటి నేలకు పాత చెక్కలు వాడవచ్చు. సందులు లేకుండా బిగించాలి.

జాలీ, గొళ్ళెం

మేము పొరపాటు చేసింది ఇక్కడే. అంగళ్ళలో చవకగా దొరికే షట్కోణపు కోళ్ళ జాలీ కోడిని లోపల ఉంచగలదు గాని, శత్రువును బయట ఉంచలేదు. కుక్క దానిని చింపుతుంది, పందికొక్కు కొరుకుతుంది, పెద్ద కన్నాల నుండి పాము దూరుతుంది. గూటికి, ఆవరణ కింది రెండు అడుగుల భాగానికి అర అంగుళం కన్నాలున్న వెల్డింగ్ జాలీ తప్పనిసరి. దాని ఖరీదు ఎక్కువే. డబ్బు సరిపోకపోతే కోళ్ళ సంఖ్యను తగ్గించుకొని చిన్న గూడు కట్టుకోవాలి గాని, జాలీ నాణ్యతను తగ్గించరాదు. ఆవరణ పై భాగానికి పాత షట్కోణపు జాలీనో, వలనో కప్పవచ్చు. గద్దలు, కాకుల నుండి అది కాపాడుతుంది.

జాలీని సన్నని మేకులతో అంటించి వదిలితే ఒక్క గుంజుకు ఊడివస్తుంది. వంపు మేకులు కొట్టి, వాటిపై సన్నని చెక్కపట్టీ పెట్టి మళ్ళీ మేకులు దిగగొట్టాలి. తవ్వుకొని వచ్చే జంతువులను ఆపడానికి జాలీని నేలలోకి ఒక అడుగు దించాలి. నేల గట్టిదైతే జాలీ అంచును బయటివైపు అడుగున్నర మేర పరచి, పైన రాళ్ళు పేర్చినా సరిపోతుంది. జంతువు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. కాలి కింద జాలీ తగిలి వెనుదిరుగుతుంది.

ఆవరణకు మనిషి వెళ్ళే తలుపు ఒకటి, గూటికి కోడి పట్టే అడుగు చదరపు తలుపు ఒకటి, గూడు శుభ్రం చేయడానికి పక్కగోడకు మడతబందులతో తెరుచుకొనే తలుపు ఒకటి ఉండాలి. ప్రతి తలుపుకు గడియతోపాటు ఒక కొక్కెం కూడా పెట్టండి. తాడు ముడిని మాత్రం నమ్మకండి.

గాలి, ఎండ, వాన

రక్షణ కోసం గూటిని పెట్టెలా మూసివేయడం కొత్తవారు చేసే మరో పొరపాటు. కోడి రెట్ట నుండి అమ్మోనియా వెలువడుతుంది. గాలి ఆడకపోతే అది కళ్ళను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అందుచేత తూర్పు పడమర గోడలను చెక్కతోనో, వెదురు తడకతోనో మూసి, ఉత్తర దక్షిణ గోడల పై సగాన్ని జాలీతో తెరిచి ఉంచాలి. వానాకాలంలో జల్లు కొట్టే వైపు గోనె పరదా వేలాడదీయవచ్చు. అయితే పైన జానెడు ఖాళీ వదలాలి. గూటిలోకి వంగి, కోడి తల ఉండే ఎత్తులో నాలుగు సార్లు ఊపిరి పీల్చి చూడండి. మన కళ్ళు మండితే, రాత్రంతా అక్కడే ఉండే ప్రాణి పరిస్థితి ఏమిటో అర్థమవుతుంది.

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు దూరంగా చాపడం ద్వారానే అది వేడిని తగ్గించుకుంటుంది. మే నెలలో రేకు కింద గూడు పొయ్యిలా మారుతుంది. రేకు వేసినవారు దానిపై తాటాకునో, కొబ్బరి మట్టలనో మందంగా కప్పాలి. కనీసం తెల్ల సున్నం పూయాలి. చూరు గోడలకు అడుగున్నర ముందుకు వస్తే ఎండ, వాన రెండూ లోపలికి రావు.

లోపలి అమరిక

కోళ్ళు నేలపై కంటే కర్రపై కూర్చొని నిద్రించడానికే ఇష్టపడతాయి. ఒక్కో కోడికి 8 నుండి 10 అంగుళాల కర్ర కావాలి. ఆరింటికి ఒక కర్ర చాలదు; గూటి పొడవునా రెండు కర్రలను అడుగు ఎడంతో, ఒకే ఎత్తులో అమర్చాలి. ఎత్తుల్లో తేడా ఉంటే పైకర్ర కోసం పోట్లాడుకుంటాయి. కర్ర మందం రెండు అంగుళాలు ఉండి, అంచులు గుండ్రంగా చెక్కి ఉంటే కాళ్ళకు పుండ్లు పడవు. నేల నుండి అడుగున్నర ఎత్తు సరిపోతుంది.

గుడ్లు పెట్టడానికి నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చొప్పున, ఆరింటికి రెండు పెట్టెలు చాలు. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క అడుగు ఉండాలి. అవి కూర్చునే కర్రల కంటే కింద ఉండాలి. లేకపోతే కోళ్ళు పెట్టెల్లోనే పడుకొని గుడ్లను మురికి చేస్తాయి. వెలుతురు తక్కువగా ఉండే మూలన అమర్చి, బయటివైపు మూత పెడితే గూటిలోకి దూరకుండానే గుడ్లు తీసుకోవచ్చు.

గూటి నేలపై రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరచండి. రెండు రోజులకొకసారి పారతో తిరగవేయాలి. తడిసిన భాగాన్ని వెంటనే తీసివేయాలి. తీసిన ఊకను రెండు మూడు నెలలు మాగనిస్తే కూరపాదులకు మంచి ఎరువు అవుతుంది. పచ్చిగా వేస్తే మొక్కలను మాడుస్తుంది. ఆవరణలో ఒక పాత తొట్టిలో ఇసుక, బూడిద కలిపి ఉంచండి. కోళ్ళు అందులో పొర్లి పేలను, గోమార్లను వదిలించుకుంటాయి.

గూడు పూర్తయ్యాక వెంటనే కోళ్ళను తేవద్దు. ఒక రాత్రి లోపల దీపం పెట్టి చుట్టూ తిరిగి చూడండి. కర్రల కీళ్ళ వద్ద, తలుపు అంచుల వద్ద బొటనవేలు పట్టే వెలుగు ఎక్కడ కనిపిస్తే అక్కడ మూసివేయండి. పైకప్పుపై నాలుగు బిందెల నీరు పోసి లోపల తడి ఉందేమో చూడండి. ప్రతి పక్క జాలీని పాదంతో గట్టిగా నెట్టండి. ఈ మూడు పరీక్షలలో గూడు నెగ్గితేనే సంతకు వెళ్ళండి.

కోళ్ళు వచ్చాక

మన ప్రాంతపు పెరళ్ళకు అనువైన జాతులు దగ్గరలోనే ఉన్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను పెరటి పెంపకం కోసమే రూపొందించింది. గుడ్లు ప్రధానమనుకొనేవారికి గ్రామప్రియ, మాంసం, గుడ్లు రెండూ కావాలనుకొనేవారికి వనరాజా తగినవి. నాటుకోడి గుడ్లు తక్కువ పెట్టినా, చక్కగా పొదిగి పిల్లలను సాకుతుంది. ఒక రోజు పిల్లలను పెంచడానికి మొదటి నాలుగు వారాలు వెచ్చదనం అవసరం. కొత్తవారికి అది కష్టం. ఆరు వారాలు దాటి, టీకాలు పడిన పిల్లలను తీసుకోవడం మేలు. కొక్కెర తెగులు సోకితే గూడంతా కొద్ది రోజుల్లో ఖాళీ కావచ్చు. ఏ టీకా ఎప్పుడు వేయించాలో దగ్గరలోని పశువైద్యశాలలో రాయించుకొని గూటి తలుపుకు అంటించండి.

తెచ్చిన కోళ్ళను మొదటి వారం గూడు, ఆవరణలు దాటి వదలరాదు. తమ ఇల్లు ఏదో తెలిసిన తరువాత బయట వదిలినా అవే చీకటికి తిరిగి వస్తాయి.

పెద్ద కోడి రోజుకు సుమారు 100 నుండి 120 గ్రాముల మేత తింటుంది. నూకలు, తవుడు, ఆకుకూరల తొడిమలు, దాణా కలిపి ఇవ్వవచ్చు. గుడ్డు పెంకు గట్టిపడటానికి సున్నపురాయి పొడి లేదా ఆల్చిప్పల పొడి వేరుగా ఒక చిప్పలో పెట్టాలి. బూజు పట్టిన మేత ఎన్నడూ పెట్టరాదు. మురికి కాలువల్లో తిరిగి అశుద్ధం తినే జంతువులను మన ధర్మవేత్తలు 'జల్లాలా' అన్నారు. వాటిని కొన్నాళ్ళు కట్టడి చేసి శుభ్రమైన మేత పెట్టిన తరువాతే జిబహ్ చేయాలని చెప్పారు. మంచి ఆవరణ ఉన్న ఇంట్లో ఆ సమస్య ముందే తీరిపోతుంది.

నీటిని రెండు చోట్ల, నీడలో, మట్టి పాత్రల్లో పెట్టండి. ఎండాకాలంలో కోడి తాగే నీరు దాదాపు రెట్టింపవుతుంది. జుహర్ వేళకు పాత నీరు పారబోసి చల్లని నీరు నింపడం ఒక నియమంగా పెట్టుకోండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో వచ్చిన బర్డ్ ఫ్లూ వంటి వ్యాధి వార్తలు విన్నప్పుడు కోళ్ళను ఆవరణ దాటనివ్వకండి. అకస్మాత్తుగా చనిపోయిన పక్షిని వట్టి చేతులతో తాకకుండా పశువైద్య సిబ్బందికి తెలియజేయండి.

కోళ్ళ దినచర్య మన నమాజు వేళలతో చక్కగా కలిసిపోతుంది. ఫజ్ర్ తరువాత తలుపు తెరిచి, మేత, నీరు పెట్టాలి. అస్ర్ తరువాత గుడ్లు తీసుకోవాలి. మగ్రిబ్ వేళకు కోళ్ళు తమంతట తామే గూడు చేరతాయి. అప్పుడు లెక్కపెట్టి గడియ వేయాలి. రమజాన్ మాసంలో ఇఫ్తార్ హడావుడి, తరావీహ్ ప్రయాణం మధ్య ఈ చివరి పని మరచిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఒకరికి ఆ బాధ్యతను పేరు పెట్టి అప్పగించాలి. అందరి పని అని వదిలితే అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

మా ఇంట్లో ఆ పని మా చిన్నమ్మాయి అడిగి తీసుకుంది. ఆనాడు మిగిలిన మూడు పెట్టలను పొరుగింటి పెద్దాయన తన పెరట్లో దాచి ఉంచారు. మేము నెల రోజులు కష్టపడి పైన చెప్పిన కొలతలతో గూడు కట్టాకే వాటిని తిరిగి తెచ్చుకున్నాము. ఆయన ఇంటికి మొదటి ఆరు గుడ్లు ఆ పాపే తీసుకువెళ్ళింది. ఇప్పుడు ప్రతి సాయంత్రం గడియ వేసి, కొక్కెం తగిలించి, ఒకసారి గుంజి చూసి వస్తుంది. "అన్నీ ఉన్నాయి, అబ్బాజాన్" అని చెప్పేవరకు మాకు భోజనం సహించదు.

మనపై ఆధారపడిన ప్రతి ప్రాణి పట్ల బాధ్యతను నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.